నూతిలో జలాంతర్గామి

పిల్లలూ, నూతిలో చేద జారిపోతే పైకి తీయటానికి వెనక ఒక పనిముట్టు ఉండేది. ఇనప చట్రానికి చుట్టూ వంకర కొక్కేలు వేలాడుతూ ఉంటాయి. దాన్ని తాడుకి కట్టి నూతిలోకి దింపి, అడుగున అటూ ఇటూ కెలుకుతారు. చేద కొక్కేనికి తగులుకుంటే పైకి లాగుతారు. దాని పేరు పాతాళభేది. కుళాయిలు వచ్చాక అది చాలా ఇళ్ళలో అటకెక్కింది. మా యారాడలో ఒక ముసలమ్మగారి ఇంట్లో ఇంకా ఉన్నది. కిందటి వేసవిలో నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి, అది ఒక పూటకి ఇమ్మని అడిగాను.

"చేద పడిపోనాదేటి బాబూ?" అన్నది ఆవిడ.

"చేద కాదప్పా, జలాంతర్గామి," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్ళి పాతాళభేది తెచ్చి ఇచ్చింది గాని, మళ్ళీ నాతో మాట్లాడలేదు.

ఆ జలాంతర్గామి నూతిలోకి ఎలా పోయిందో, ఎందుకు పైకి రాలేదో మీకు చెబుతాను.

విశాఖపట్నం సముద్రపు ఒడ్డున నిలబడి దక్షిణంగా చూస్తే, ఒక కొండ నీళ్ళలోకి మూతి చాచుకుని ఉంటుంది. దాన్ని డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఆ కొండకి వెనకవైపు మా ఊరు. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం. కొండకి ఆ వైపు ఓడరేవూ, ఓడలు కట్టే కర్మాగారమూ, నౌకాదళమూ. ఈ వైపు కొబ్బరిచెట్లూ, జీడిమామిడి తోటలూ, ఆరేసిన వలలూ. కొండ దాటితే వేరే లోకం.

నేను నలభై ఏళ్ళపాటు రోజూ ఆ కొండ దాటి వెళ్ళి, గాజువాకలో రేడియోలూ, టేపు రికార్డర్లూ బాగుచేసి పొట్ట పోసుకున్నాను. మూగపోయిన రేడియో నా బల్ల మీదికి వచ్చిందంటే మాట్లాడి తీరవలసిందే అని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం సంగతి ముందుముందు వస్తుంది.

మా అల్లుడు నౌకాదళంలో, జలాంతర్గామిలో ఉద్యోగం చేస్తాడు. అతను సముద్రం మీదికి వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయీ, మనవరాలూ మా ఇంటికి వస్తారు. ఎక్కడికి వెళ్ళేదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ అతను చెప్పడు. చెప్పకూడదు. ఉత్తరం ఉండదు, ఫోను మోగదు. మా అమ్మాయి ఆ మాట ఎత్తదు. వంటింట్లో గిన్నెలు మటుకు రోజుకి రెండుసార్లు తోముతుంది. మనవరాలికి పదకొండేళ్ళు. అది ఏదీ మనసులో దాచుకోదు.

ఒకనాడు ముగ్గురమూ కలిసి విశాఖ బీచికి వెళ్ళి కుర్సురా చూశాము. మీలో చాలామంది చూసే ఉంటారు. అది బొమ్మ కాదు, నిజమైన జలాంతర్గామి. సోవియట్ దేశంలో కట్టారు. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 31 ఏళ్ళు కొలువు చేసి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి తీసుకున్నది. 2002లో దాన్ని ఒడ్డుమీదికి లాగి ప్రదర్శనశాల చేశారు. పొడుగు 91 మీటర్లు, వెడల్పు ఏడున్నర మీటర్లు. అందులో సుమారు 75 మంది ఉండేవారు. ఒక గదిలో నుంచి ఇంకొక గదిలోకి పోవాలంటే గుండ్రని కంతలో ముందు కాలు పెట్టి, తరవాత తల వంచి దూరాలి. టార్పెడోల పక్కనే మంచాలు. మనవరాలు ఒక మంచం మీద చెయ్యి వేసి, "నాన్న పడుకునేది ఇలాంటిదేనా అమ్మా?" అన్నది.

"ఇంతకన్న కాస్త పెద్దది ఉంటుందిలే," అన్నది మా అమ్మాయి.

బయటికి వచ్చి ఇసకలో కూచున్నాము. అప్పుడు మనవరాలు సముద్రంకేసి చూస్తూ, "తాతా, ఇది నీళ్ళ కింద ఉన్నప్పుడు ఒడ్డుమీదివాళ్ళ మాట దీనికి ఎలా వినిపించేది?" అని అడిగింది.

"రేడియోతో," అన్నాను.

"నీళ్ళలోకి రేడియో పోతుందా?"

"ఎందుకు పోదూ?" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్నాను.

అది అంతటితో ఊరుకోక ఇంకొకటి అడిగింది. వాళ్ళ పాఠంలో ఘాజీ అనే జలాంతర్గామి సంగతి ఉన్నదట. ఆ సంగతి నాకు పుస్తకంలో చదవనవసరం లేదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి, నాకు పదహారేళ్ళప్పుడు, సముద్రంలో నుంచి పెద్ద చప్పుడు వచ్చి మా ఇంటి తలుపులు గడగడలాడాయి. యుద్ధం రోజులు, దీపాలు పెట్టటానికి లేదు. చీకట్లోనే అందరమూ వీధిలోకి వచ్చి నిలబడ్డాము. పాకిస్తాన్ జలాంతర్గామి ఒకటి విశాఖ రేవు ముంగిట మునిగిపోయిందని తరవాత తెలిసింది. అందులోవాళ్ళు ఒక్కరూ బతకలేదు. ఇప్పటికీ అది అక్కడే, సముద్రపు అడుగున పడి ఉన్నది.

"మునిగిపోయిందని వాళ్ళ ఇళ్ళల్లో ఎప్పుడు తెలిసింది తాతా?" అన్నది మనవరాలు.

నేను దానికి జవాబు చెప్పలేదు. మాట మార్చటానికి, "మనం ఒక జలాంతర్గామి చేద్దామా? రేడియోతో నడిపిద్దాం," అన్నాను. ఈ కథంతా అలా మొదలైంది.

చెయ్యటం మీరనుకునేంత కష్టం కాదు. మీరనుకునేంత సులువూ కాదు. ముందు ఒక సంగతి అర్థం కావాలి. వస్తువు నీళ్ళలో మునగాలంటే, అది ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత చోటులో పట్టే నీటికన్న బరువుగా ఉండాలి. తేలికగా ఉంటే తేలుతుంది. తేలేదీ, మునిగేదీ ఒకటే అయి, మన ఇష్టప్రకారం బరువు మార్చుకుంటే అది జలాంతర్గామి.

ఇది మీరు ఇంట్లోనే చూడవచ్చు. ప్లాస్టిక్ సీసా మెడదాకా నీళ్ళు పోయండి. కంత లేని పెన్ను మూత తీసుకుని, దాని అంచుకి కాస్త మైనం అంటించి, సగం గాలి ఉండగానే బోర్లించి సీసాలోకి వదలండి. అది నిలువుగా, మునగనా వద్దా అన్నట్టు తేలాలి. అలా తేలేదాకా మైనం తీస్తూ, పెడుతూ ఉండండి. ఇక్కడే అందరికీ విసుగు పుడుతుంది. కుదిరాక సీసా మూత గట్టిగా బిగించి, సీసాని నొక్కండి. పెన్ను మూత కిందికి దిగుతుంది. వదిలితే పైకి వస్తుంది. నొక్కినప్పుడు మూతలోని గాలి చిన్నదై, ఆ చోటులోకి నీరు పోతుంది. అందుకని బరువెక్కి మునుగుతుంది.

కుర్సురా చేసిందీ అదే. దాని ఒడలికి చుట్టూ తొట్లు ఉంటాయి. వాటిలో గాలి ఉన్నంతసేపు దాని బరువు సుమారు 1,950 టన్నులు. పై మూతలు తెరిస్తే గాలి పోయి, కిందినుంచి సముద్రపు నీరు లోపలికి వస్తుంది. అప్పుడు సుమారు 2,475 టన్నులై మునుగుతుంది. పైకి రావాలంటే, గట్టి ఒత్తిడితో నింపి ఉంచిన గాలిని తొట్లలోకి వదిలి నీటిని బయటికి తరిమేస్తారు.

మా జలాంతర్గామికి ఒళ్ళు నాలుగంగుళాల నీళ్ళ పైపు. అరవై సెంటీమీటర్ల ముక్క కోసి, ఒక చివర మూత అంటించాము. రెండో చివర మూతకి రబ్బరు వాషరు వేసి మరలు బిగించాము. ఆ పైపు ఆక్రమించే చోటులో 5 కిలోల 700 గ్రాముల నీరు పడుతుంది. అంటే మా బొమ్మ బరువు కూడా అంత ఉండాలి! మోటార్లూ, బ్యాటరీ, తీగలూ అన్నీ కలిపినా రెండు కిలోలు దాటలేదు. మనవరాలు పైపుని ఒక్క చేత్తో ఎత్తి పట్టుకుని, "ఇంత తేలికదాన్ని ముంచటానికి అంత బరువా?" అని నమ్మలేదు. జాలరివాళ్ళు వలలకి కట్టే సీసం గుండ్లు ఇస్తామన్నారు. తోటకి నీరు తోడే నూతిలో సీసం దింపటం నాకు ఇష్టం లేకపోయింది. పాత ఇనప నట్లు తెచ్చి పైపు అడుగుభాగాన వరసగా పేర్చి కట్టాము. బరువంతా అడుగున ఉండాలి, లేకపోతే బొమ్మ వెల్లకిలా తిరుగుతుంది. మాది మొదటిసారి తిరిగింది.

నీరు పీల్చటానికి పశువుల డాక్టర్లు వాడే 100 మిల్లీలీటర్ల సిరంజి పెట్టాము. ఒక చిన్న మోటారు మరకడ్డీని తిప్పుతుంది. కడ్డీ సిరంజి పిడిని వెనక్కి లాగితే నీరు లోపలికి వస్తుంది, ముందుకి తోస్తే బయటికి పోతుంది. సిరంజి ఖాళీగా ఉంటే బొమ్మ 60 గ్రాములు తేలిక. నిండితే 40 గ్రాములు బరువు. అయిదున్నర కిలోల వస్తువుకి తేలటానికీ మునగటానికీ మధ్య తేడా ఒక్క గుక్కెడు నీరు!

వెనక పంకా ఇత్తడి రేకుతో కోశాను. దాని ఇరుసు పైపులోనుంచి బయటికి వచ్చేచోట నీరు కారకుండా, సన్నని ఇత్తడి గొట్టం నిండా గ్రీజు కూరాను. చుక్కానికీ, రెక్కలకీ పోయే కడ్డీలకి సైకిలు ట్యూబు ముక్కలు తొడిగాను. చివరికి సైకిలు షాపువాడు చేసే పనే చేశాము. లోపలికి గాలి కొట్టి, తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూశాము. మూడుచోట్ల వచ్చాయి. మనవరాలు బుడగలు చూసి చెప్పేది, నేను అంటించేవాణ్ణి. ఇలా నాలుగు రోజులు గడిచాయి.

ఇక రేడియో. తీగ లేకుండా దూరం నుంచి పడవ నడపటం కొత్త సంగతి కాదు. 1898లోనే నికోలా టెస్లా అనే శాస్త్రజ్ఞుడు న్యూయార్కులో ఒక చిన్న పడవని తొట్టిలో తిప్పి జనానికి చూపించాడు. ఆ ధైర్యంతో నేను, ఇప్పుడు బొమ్మ విమానాలకి అమ్మే కొత్తరకం రేడియో పెట్టె తెప్పించాను. మనవరాలు సంక్రాంతికి వాళ్ళ నాన్న ఇచ్చిన డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. టెస్లా పడవ నీటి పైన తేలేది. ఆ తేడా నాకు తట్టలేదు.

ఇంటి దగ్గర సిమెంటు తొట్టిలో బొమ్మ అద్భుతంగా నడిచింది. మోకాలి లోతు నీరు. దాని గోపురం ఎప్పుడూ నీటికి బెత్తెడుకన్న కిందికి పోలేదు. మర్నాడు మా బావమరిది తోటలో ఉన్న పెద్ద నేలనూతికి తీసుకుపోయాము. అడ్డంగా ఎనిమిది గజాలుంటుంది. నీరు మూడు నిలువుల లోతు. చుట్టూ గట్టిగోడ ఉన్నది. (సముద్రం ఎదురుగా ఉండగా నుయ్యి ఎందుకని అడుగుతారేమో. యారాడ అలలు పెద్ద ఈతగాళ్ళనే లాగేస్తాయి. పైగా నౌకాదళం పక్కనే ఉన్నచోట ఇలాంటివి సముద్రంలోకి వదిలితే, ముందు అవి పోతాయి, తరవాత మనల్ని తీసుకుపోతారు. నూతి దగ్గరికైనా సరే, పెద్దవాళ్ళు లేకుండా పోకండి.)

బొమ్మ నీటిమీద రెండు చుట్లు తిరిగింది. తోటలో పనిచేసేవాళ్ళంతా గోడ చుట్టూ చేరారు. మనవరాలు సిరంజి నింపే మీట నొక్కి, రెక్కలు కిందికి వంచింది. బొమ్మ ముక్కు వంచుకుని హుందాగా మునిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంక పైకి తే," అన్నాను.

అది మీట నొక్కింది. మళ్ళీ నొక్కింది. "తాతా, అది మాట వినటంలేదు," అన్నది.

నేను పెట్టె లాక్కుని అన్ని మీటలూ నొక్కాను. పచ్చని నీళ్ళలో బొమ్మ నీడ ఇంకా ఇంకా కిందికి పోయి కనిపించకుండా పోయింది. కాసేపటికి అడుగునుంచి బురద మబ్బులాగా పైకి లేచింది. అంతే. మనుషులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొబ్బరిచెట్టు కింద కూచున్న మా అమ్మాయి, "ఎప్పుడొస్తుంది నాన్నా?" అని అడిగింది. నేను పలకలేదు. అది లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

పాతాళభేదితో రెండు రోజులు కెలికాము. మొదట ఒక చేద వచ్చింది. తరవాత సొట్టలు పడ్డ ఇత్తడి చెంబు, ఎవరిదో ఒక చెప్పు. రెండోరోజు సాయంత్రం జలాంతర్గామి వచ్చింది. లోపల నిండా నీళ్ళు. నీటిలో లోతుకి పోయినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. అయిదు మీటర్ల లోతున మా పైపు మూత మీద అదనంగా పడే ఒత్తిడి దాదాపు 47 కిలోల బరువుతో సమానం. మా రబ్బరు వాషరు దానికి ఆగలేదు. కాని అది తరవాతి సంగతి. ముందు అది మాట ఎందుకు వినలేదు?

నలభై ఏళ్ళ రేడియో మెకానిక్కుని ఆ రాత్రి పాత పుస్తకాలు దించి చదువుకున్నాను. సంగతి తెలిసిపోయింది. నేను కొన్న పెట్టె పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఆ అల పొడుగు పన్నెండున్నర సెంటీమీటర్లు. మైక్రోవేవ్ పొయ్యిలో అన్నంలోని తడిని వేడిచేసేది కూడా దాదాపు ఇదే అల. నీరు దాన్ని మింగేస్తుంది. బొమ్మ జానెడు లోతుకి పోగానే చెవిటిదైపోయింది. ఇక ఆ పెట్టెకి ఒక గుణమున్నది. మాట వినిపించకపోతే, ఆఖరున విన్న మాటే పట్టుకుని ఉంటుంది. ఆఖరున మేము చెప్పిన మాట "కిందికి పో" అని.

మనవరాలు నా మీద కోపగించలేదు. "అయితే సముద్రంలో ఎలా వినిపిస్తుంది?" అన్నది, మళ్ళీ మొదటికి వచ్చి.

ఈసారి ఆలోచించకుండా జవాబు చెప్పలేదు. బల్లమీద ఉన్న చిన్న ఎఫ్.ఎం. రేడియోని రెండు ప్లాస్టిక్ సంచుల్లో గట్టిగా కట్టి, బకెట్టు మంచినీళ్ళలోకి ముంచాను. పాట వినిపిస్తూనే ఉన్నది. తరవాత ఆ నీళ్ళలో అరకిలో ఉప్పు కలిపాము. పదిహేను లీటర్ల నీటికి అంత ఉప్పు వేస్తే దాదాపు సముద్రమే. పాట గరగరలాడి, అడుగుకి పోయేసరికి మూగపోయింది. పైకెత్తితే మళ్ళీ పాడింది. మనవరాలు దాన్ని పదిసార్లు ముంచి, పదిసార్లు ఎత్తింది. ఉప్పునీటిలో విద్యుత్తు బాగా పారుతుంది. రేడియో అల దానిలోకి దిగగానే ఆ నీటిలో విద్యుత్తు పుట్టించటానికే తన బలమంతా ఖర్చుచేసుకుని చచ్చిపోతుంది.

అయితే అన్ని అలలూ ఒకటే తొందరగా చావవు. పొట్టి అల తొందరగా పోతుంది. పొడుగు అల ఇంకాస్త లోతుకి పోతుంది. పాత బొమ్మల రేడియోలు 40 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేవి. ఆ అల ఏడున్నర మీటర్లు. విశాఖ ఆకాశవాణిని మేము మీడియం వేవ్ మీద 927 కిలోహెర్ట్జ్ దగ్గర వినేవాళ్ళం. ఆ అల సుమారు 323 మీటర్లు. సముద్రానికి అవేవీ చాలవు. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర విజయనారాయణం అనేచోట మన నౌకాదళానికి ఒక రేడియో కేంద్రం ఉన్నది. దాని పేరు కట్టబొమ్మన్. 1990లో మొదలైంది. జలాంతర్గాములకి కబురు పంపటమే దాని పని. అక్కడినుంచి వచ్చే అల 18.2 కిలోహెర్ట్జ్. పొడుగు 16 కిలోమీటర్ల పైమాట! దాని తల యారాడలో ఉంటే తోక దాదాపు ఋషికొండ దాకా ఉంటుంది. అంత అల గనకనే సముద్రంలోకి పది పదిహేను మీటర్లు దిగగలుగుతుంది.

"అక్కడినుంచి మాట్లాడితే నాన్నకి వినిపిస్తుందా?"

"మాటలు కాదు. ఆ అల మాటలు మోయలేదు. అక్షరాలు, అదీ నెమ్మదిగా, రహస్య లిపిలో."

"నాన్న తిరిగి చెబుతాడా?"

"చెప్పలేడు. అలాంటి అల పంపాలంటే ఆకాశమంత స్తంభాలూ, ఊరంత తీగలూ కావాలి. జలాంతర్గామిలో ఎక్కడ పడతాయి? పైగా, మాట్లాడితే శత్రువుకి జాడ తెలుస్తుంది."

మనవరాలు చాలాసేపు ఊరుకున్నది. తరవాత, "అయితే నాన్న వింటూ ఉంటాడు, మాట్లాడడు. మాట్లాడకపోతే ఏదో అయిందని కాదు," అన్నది.

"కాదు," అన్నాను.

ఆ రాత్రి ఇదే సంగతి వాళ్ళమ్మకి పక్కమీద పడుకుని చెబుతూంటే విన్నాను. కట్టబొమ్మన్ నుంచి మొదలుపెట్టి, ఉప్పు బకెట్టు దాకా అంతా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే నన్ను లేపి, "మాట వినిపించకపోతే ఏం చెయ్యాలో మన జలాంతర్గామికి ముందే చెప్పి పంపాలి," అన్నది. ఇంజనీర్లు పెద్ద పుస్తకాలు రాసిన సంగతి అది ఒక్క ముక్కలో చెప్పేసింది.

ఒక స్నేహితుడి దగ్గర పాత 40 మెగాహెర్ట్జ్ పెట్టె దొరికింది. మంచినీటిలో అది రెండు మీటర్లకి పైగా వినిపించింది. మా నూతికి అదే గొప్ప. మూతకి మందపాటి వాషరు వేశాము. తరవాత నేను ఒక చిన్న సర్క్యూటు కట్టాను. మూడు సెకన్లపాటు ఒడ్డునుంచి ఏమీ వినిపించకపోతే, అది పంకా ఆపేసి, సిరంజిలోని నీటిని బయటికి తోసేస్తుంది. బొమ్మ తనంతట తానే తేలుతుంది. తొట్టిలో పెట్టి, నా చేతి పెట్టె ఆపేసి చూశాము. ప్రతిసారీ పైకి వచ్చింది.

"బ్యాటరీ అయిపోతే?" అన్నది మనవరాలు.

దానికి ట్రియస్ట్ కథ చెప్పాను. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ అనే ఇద్దరు ట్రియస్ట్ అనే నౌకలో కూచుని, పసిఫిక్ మహాసముద్రంలో మరియానా అగాధం అడుగుకి, సుమారు 11 కిలోమీటర్ల లోతుకి, దిగి తిరిగి వచ్చారు. మునగటానికి బరువుగా అందులో ఇనప గుళికలు పోశారు. ఆ గుళికలు రాలిపోకుండా పట్టి ఉంచింది విద్యుదయస్కాంతాలు. కరెంటు ఉన్నంతసేపే అవి పట్టుకుంటాయి. కరెంటు పోయిందా, గుళికలు వాటంతట అవే రాలిపోతాయి, నౌక తేలుతుంది. చెడిపోతే పైకి వచ్చేటట్టుగా దాన్ని కట్టారు.

అయస్కాంతం పెడితే మా చిన్న బ్యాటరీని అదే తినేస్తుంది. ఏం చెయ్యాలా అని నేను తల గోక్కుంటుంటే, మనవరాలు నోట్లో పిప్పరమెంటు బిళ్ళ చప్పరిస్తున్నది. మధ్య కంత ఉంటుందే, ఆ రకం. ఉన్నట్టుండి దాన్ని నోట్లోనుంచి తీసి నాకేసి చూసింది. బిళ్ళ సగం కరిగి ఉన్నది.

అది తాకట్టు తెలివి కాదు, పిల్లలూ, అచ్చంగా దాని సొంతమే. బొమ్మ కడుపు కింద 300 గ్రాముల ఇనప నట్లు మూటకట్టి, ఒక పిప్పరమెంటు బిళ్ళ కంతలోనుంచి దారం పోనిచ్చి వేలాడదీశాము. లోపలి నట్లు అంతమేరకు తగ్గించాము. బిళ్ళ కరిగితే మూట రాలిపోతుంది. అప్పుడు సిరంజి నిండా నీరున్నా, లోపలికి ఇంకొక గ్లాసెడు కారినా సరే, బొమ్మ పైకి రావలసిందే. బ్యాటరీతో పనిలేదు, రేడియోతో పనిలేదు, నాతో అసలే లేదు. బకెట్టులో మూడు బిళ్ళలు కరిగించి గడియారం చూశాము: 18 నిమిషాలు, 21 నిమిషాలు, 17 నిమిషాలు. నూతి నీరు చల్లన గనక ఇంకా ఎక్కువ పట్టింది: 24.

తరవాత పది పన్నెండుసార్లు నూతిలో దించాము. సర్క్యూటే ప్రతిసారీ దాన్ని పైకి తెచ్చింది. పిప్పరమెంటు అవసరమే రాలేదు. ప్రతిసారీ కొత్త బిళ్ళ కట్టటం దండగని నేను సణిగాను గాని, మనవరాలు కట్టకుండా వదలనిచ్చేది కాదు.

జూను నెలాఖరున ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు ఆటో ఆగింది. మా అల్లుడు దిగాడు. బాగా చిక్కాడు, గడ్డం పెరిగింది. అన్నం తినేదాకా కూడా మనవరాలు ఆగలేదు. చెయ్యి పట్టుకుని నూతి దగ్గరికి లాక్కుపోయింది. పెట్టె అతని చేతికిచ్చి, ఏ మీట ఏమిటో చెప్పింది గాని, ఎంత లోతున అది చెవిటిదవుతుందో చెప్పలేదు. కావాలనే చెప్పలేదని నా అనుమానం.

అతను బొమ్మని ఒక చుట్టు తిప్పి, నెమ్మదిగా ముంచాడు. అది కనుమరుగు కాగానే పెట్టెని నూతిగోడ మీద పెట్టేసి, చేతి గడియారం చూసుకున్నాడు. ఇంకొక మీట నొక్కలేదు.

మూడు సెకన్లు గడిచాయి. పది గడిచాయి. బొమ్మ రాలేదు. నా గుండె దడదడలాడింది. (సిరంజిలో ఇసక రేణువు పడి పిడి బిగుసుకుపోయిందని తరవాత చూశాను.) నేను లేచి, "పాతాళభేది తెస్తాను," అన్నాను.

"కూచోండి మావయ్యా," అన్నాడు మా అల్లుడు. కూతురికేసి తిరిగి, "ఎన్ని నిమిషాలు?" అని అడిగాడు.

"ఇరవైనాలుగు," అన్నది అది.

అతను గోడ మీద చేరగిలబడి కూచున్నాడు. మా అమ్మాయి టీ తెచ్చింది. తెచ్చి వెళ్ళిపోకుండా తనూ కూచున్నది. ఎవరమూ ఏమీ మాట్లాడలేదు. ఇరవైనాలుగు దాటింది. ఇరవైఅయిదు దాటింది. ఇరవైఆరో నిమిషాన, మేము చూస్తున్న వైపు కాక మెట్ల పక్క, బొమ్మ తోక ముందుగా బుడుంగున పైకి వచ్చి, పక్కకి ఒరిగి, నిలబడింది. గోపురానికి నాచు చుట్టుకుని ఉన్నది. కడుపు కింద ఖాళీ దారం వేలాడుతున్నది.

మా అల్లుడు మెట్లు దిగి దాన్ని బయటికి తీశాడు. మనవరాలు గౌను జేబులోనుంచి పిప్పరమెంటు పొట్లం తీసి, ఒక బిళ్ళ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని నోట్లో వేసుకోబోతుంటే చటుక్కున చెయ్యి పట్టుకుని, "తినకు నాన్నా, అది దానిది!" అన్నది.